కప్పున్న వంతెన: కొత్తవలస–కిరండూల్ రైలుమార్గ చరిత్ర – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

విజయనగరం జిల్లాలోని కొత్తవలస వద్ద హౌరా–చెన్నై ప్రధాన రైలుమార్గం నుంచి ఒక శాఖ విడిపోయి తూర్పు కనుమల వైపు సాగుతుంది. లక్కవరపుకోట, శృంగవరపుకోట మీదుగా మైదానం దాటి, కొండలెక్కి, అరకు లోయ గుండా ఒడిశాలోని కోరాపుట్‌కు, అక్కడి నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్‌కు చేరుతుంది. ఉత్తరాంధ్ర ప్రజలు దీనిని 'కె.కె. లైను' అంటారు. దాదాపు 445 కిలోమీటర్ల ఈ మార్గంలో 58 సొరంగాలు, 84 వంతెనలు ఉన్నాయని సాధారణంగా లెక్క చెబుతారు.

ఈ మార్గంలో బొర్రా వద్ద మాత్రం ఏ లెక్కలోనూ చేరని ఒక వంతెన ఉంది. అక్కడ సున్నపురాతి గుహల అడుగున గోస్తనీ నది ప్రవహిస్తుంది. గుహల పైకప్పుగా ఉన్న కొండ మీదుగా రైలు వెళుతుంది. కింద నీరు, నడుమ గుహ, పైన రైలు. ఏ ఇంజనీరూ కట్టని ఈ రాతికప్పు నదికి కప్పుగానూ, రైలుకు వంతెనగానూ పనిచేస్తున్నది.

వంతెనకు కప్పు ఎందుకు ఉంటుంది? అది ఎవరిని కాపాడుతుంది? ఈ ప్రశ్నలను తీసుకుని కొత్తవలస–కిరండూల్ మార్గ చరిత్రను, ముఖ్యంగా అందులో ఉత్తరాంధ్ర భాగాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. రైలుమార్గ చరిత్రను సాధారణంగా ఇంజనీరింగు విజయంగానో, ఆర్థిక ప్రణాళికగానో రాస్తారు. ఊళ్ల పేర్లు, వాడుక మాటలు, స్థలపురాణం అనే మూడు ఆధారాలను కూడా చేర్చుకుంటే ఆ చరిత్ర మరో విధంగా కనిపిస్తుందన్నది ఇక్కడి ప్రతిపాదన.

కప్పు ఎవరి కోసం?

కప్పున్న వంతెనలు ప్రపంచంలో పలుచోట్ల ఉన్నాయి. స్విట్జర్లాండులోని లూసర్న్ నగరంలో 14వ శతాబ్ది నాటి కాపెల్ వంతెన వాటిలో ప్రసిద్ధమైనది. 1993లో అగ్నిప్రమాదంలో చాలా భాగం కాలిపోగా దానిని తిరిగి నిర్మించారు. చైనాలోని గ్వాంగ్షీ ప్రాంతంలో డాంగ్ జాతివారు 'గాలివాన వంతెన'లు కట్టుకున్నారు. అమెరికా ఈశాన్య రాష్ట్రాల పల్లెల్లో 19వ శతాబ్దిలో ఇటువంటివి వందల సంఖ్యలో వెలిశాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని హైడ్ హాల్ వంతెన 1825 నాటిది.

వీటిని చూసినవారికి బాటసారులు ఎండవానలకు తడవకుండా కప్పు వేశారని తోచడం సహజం. చాలాచోట్ల అసలు కారణం వేరు. అవి కొయ్యతో కట్టిన వంతెనలు. దూలాల అతుకుల్లో నీరు చేరితే కొయ్య చీకిపోతుంది. కప్పులేని కొయ్య వంతెన పదిహేను ఇరవై ఏళ్లకే శిథిలమైతే, కప్పున్నది శతాబ్దం దాటి నిలుస్తుంది. అంటే కప్పు మొదట వంతెన కోసం వేసినది. బాటసారికి దక్కిన నీడ దాని ఉపఫలం. కాలక్రమంలో ఆ ఉపఫలమే జనుల జ్ఞాపకంలో ప్రధానమైంది. వంతెన కింద ఆగి మాట్లాడుకోవడం, వానకు తలదాచుకోవడం, సంతకు వెళ్లేవారు కలుసుకోవడం దాని చరిత్ర అయ్యాయి. ఒక ప్రయోజనం కోసం కట్టినదానిని ప్రజలు మరో ప్రయోజనానికి మలచుకోవడం అనే ఈ క్రమం కె.కె. లైను చరిత్రకూ వర్తిస్తుంది.

తెలుగునాట కప్పున్న వంతెనల సంప్రదాయం ఏర్పడలేదు. ఇక్కడి నదుల స్వభావం అందుకు ఒక ముఖ్య కారణం. నాగావళి, వంశధార, చంపావతి, గోస్తనీ వంటి ఉత్తరాంధ్ర నదులు వర్షాకాలంలో పొంగి, వేసవిలో ఇసుకపాయలుగా చిక్కిపోతాయి. వేసవిలో నడిచి దాటేవారు, వరదలో పడవ కోసం రేవులో ఆగేవారు. నీడ అవసరమైంది రేవులో గాని నది మీద కాదు. అందుకే మన దగ్గర కప్పు వంతెనకు కాక సత్రానికి, మండపానికి, చలిపందిరికి దక్కింది. శాశ్వతంగా కట్టిన వంతెనలు రాతివో ఇటుకవో కావడంతో వాటికి కప్పు అవసరం రాలేదు. గోల్కొండ పాలకుల కాలంలో 1578లో మూసీ మీద వెలసిన పురానాపూల్ అటువంటిది. 19వ శతాబ్ది మధ్యలో కోనసీమలోని గన్నవరం వద్ద వైనతేయ పాయ మీద 49 కమానులతో కట్టిన అక్విడక్టు మరింత విశేషమైనది. అక్కడ నది మీదుగా సాగినది కాలువ. నీటి మీద నీరు నడిచింది.

మాటల్లోని చరిత్ర

వంతెనను సూచించే తెలుగు మాటలలోనూ ఈ భౌగోళికం కనిపిస్తుంది. 'సేతువు' సంస్కృత పదం. దానికి గట్టు, ఆనకట్ట అనే అర్థాలు కూడా ఉన్నాయి. సంస్కృతంలో 'వారిధి' అంటే సముద్రం. తెలుగు వాడుకలో 'వారధి' సముద్రాన్ని దాటించే కట్టడమైంది. రామకథ ప్రభావం లేకుండా ఈ అర్థ పరిణామాన్ని వివరించడం కష్టం. దాటవలసినదాని పేరే దాటించేదానికి వచ్చింది. 'వంతెన' నిత్యవ్యవహారంలోని మాట. రహదారుల శాఖ రాకతో 'కల్వర్టు', 'కాజ్‌వే' పల్లెల నోటికి అలవాటైనాయి.

ఉత్తరాంధ్రలో వీటితోపాటు గమనించవలసిన మాట 'గెడ్డ'. కొండల నుంచి దిగివచ్చే చిన్న ఏటిని ఇక్కడివారు గెడ్డ అంటారు. 'పెద్దగెడ్డ' వంటి పేర్లు ఈ మాటతో ఏర్పడినవే. గెడ్డ పొంగితే ఊరికి బాట ఉండదు. సంత, బడి, ఆసుపత్రి అన్నీ గెడ్డకు అవతల మిగిలిపోతాయి. కొండ ప్రాంతాల గ్రామీణులకు వంతెన చరిత్ర అంటే మహానదుల మీది కట్టడాల చరిత్ర కాదు, గెడ్డ దాటిన చరిత్ర. కె.కె. లైను తన వంతెనలతో ఎన్నో గెడ్డలను దాటింది. అయితే రైలు గెడ్డను దాటడం వేరు, ఊరు గెడ్డను దాటడం వేరు. ఈ భేదం ముందు ముందు స్పష్టమవుతుంది.

రైలుకు పూర్వం

కళింగాంధ్ర మీదుగా సాగిన పూర్వపు ప్రయాణాలకు తెలుగులో ఉన్న అమూల్యమైన ఆధారం ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. 1830లో చెన్నపట్నం నుంచి బయలుదేరిన ఆయన 1831లో తిరుగు ప్రయాణంలో గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్నాల మీదుగా వచ్చారు. 1838లో అచ్చయిన ఆ గ్రంథంలో మజిలీలు, సత్రాలు, నదులు వరుసగా నమోదయ్యాయి. నాటి ప్రయాణికుడికి నది ఒక విరామం. దాటడానికి సాధనం దొరికేదాకా ఆగాలి, ఆగితే ఊరు తెలుస్తుంది, ఊరు తెలిస్తే గ్రంథంలోకి ఎక్కుతుంది. వంతెనలు వచ్చాక ఈ విరామం పోయింది. ప్రయాణం వేగవంతమైంది, వర్ణన చిక్కిపోయింది.

వీరాస్వామయ్య నడిచినది తీరం వెంబడి దారి. తీరం నుంచి కొండల్లోకి వెళ్లే దారులకు అటువంటి యాత్రాగ్రంథం లేదు. జయపురం సంస్థానం వైపు సాగిన వర్తకానికి ఎద్దుల బిడారులే ఆధారం. తీరంలో పండిన ఉప్పు లంబాడీల ఎద్దుల మీద కనుమలెక్కేది, కొండ పంటలు దిగివచ్చేవి. 1869లో కార్మైకేల్ వెలువరించిన విశాఖపట్టణం జిల్లా మాన్యువల్, 1907లో ఫ్రాన్సిస్ కూర్చిన జిల్లా గెజిటీరు ఈ ప్రాంతపు బాటలకు పరిపాలకుల దృష్టితో లభించే ఆధారాలు. నాటి విశాఖపట్నం జిల్లా నేటి కోరాపుట్ ప్రాంతాన్ని కూడా కలుపుకుని ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడే జయపురం అటువైపు చేరింది. కనుక తీరానికీ జయపురానికీ మధ్య దారి ఒకప్పుడు ఒకే జిల్లాలోని దారి. తరువాత అది రెండు రాష్ట్రాల నడుమ దారి అయింది.

కొత్తవలస: పేరులోని కథ

తెలుగులో 'వలస' అంటే ఉన్నచోటు విడిచి మరోచోటికి పోవడం. ఊరి పేరు చివర చేరినప్పుడు అలా వచ్చినవారు నిలిచిన చోటు అనే అర్థం వస్తుంది. కదలికను చెప్పే మాట స్థిరనివాసానికి పేరు కావడం ఇందులోని విశేషం. కడప జిల్లా ఊళ్ల పేర్ల మీద కేతు విశ్వనాథరెడ్డి చేసిన పరిశోధన గ్రామనామాలను సామాజిక చరిత్రకు ఆధారాలుగా చదివే మార్గాన్ని చూపింది. ఆ మార్గంలో చూస్తే విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాలలో 'వలస'తో ముగిసే పేర్ల విస్తారం దృష్టిని ఆకర్షిస్తుంది. దానికి పక్కనే ఇచ్ఛాపురం వైపు 'పుట్టుగ', తీరం వెంట 'పేట', 'పాలెం' కనిపిస్తాయి. బొబ్బిలి, పార్వతీపురం పరిసరాల నుంచి కొండ అంచుల దాకా 'వలస' ఊళ్లు పరుచుకుని ఉన్నాయి.

ఇది ఒక సమాజం పదేపదే కదిలి, పదేపదే పాదుకున్న ప్రాంతమని ఆ పేర్లే చెబుతున్నాయి. 'కొత్త' అనే విశేషణం అంతకుముందు మరొక నివాసం ఉన్నదన్న సూచన. రైలు కూడలిగా మారకముందే కొత్తవలస పేరులో రాకపోకల జ్ఞాపకం ఉంది. ఈ ఊరు ఖనిజాలకు, కూలీలకు, యాత్రికులకు దారి తెరిచిన ద్వారం కావడం ఆ పేరుకు తగినట్టే జరిగింది.

తీరం వెంట మొదటి దారి

ఉత్తరాంధ్రకు రైలు 19వ శతాబ్ది చివరి దశాబ్దంలో వచ్చింది. ఈస్ట్ కోస్ట్ రైలుమార్గం 1890లలో తీరం వెంబడి భాగాలుగా తెరుచుకుంది. విజయనగరంలో గురజాడ కన్యాశుల్కం మొదట 1892లో రంగస్థలమెక్కి, 1897లో అచ్చయింది. రైలు రాక, ఆధునిక నాటకం రాక ఇంచుమించు ఒకే కాలానివి. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి ఆ సంస్థానం చొరవతో నారోగేజి బండి నడిచింది. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం, సవర భాష కోసం శ్రమించిన ఊరు అదే.

తీరం నుంచి లోపలికి వెళ్లే పెద్ద మార్గం విజయనగరం–పార్వతీపురం–రాయగడల మీదుగా రాయపూర్‌కు 1931లో పూర్తయింది. రెండేళ్లకు, 1933లో, విశాఖపట్నం రేవు పెద్ద ఓడలకు తెరుచుకుంది. ఈ రెండింటి సాన్నిహిత్యం యాదృచ్ఛికం కాదు. రేవుకు సరుకు కావాలి, సరుకు మధ్య భారతంలో ఉంది, ఆ రెంటినీ కలిపే దారి కావాలి. కె.కె. లైను కూడా ఈ తర్కం నుంచే పుట్టింది. అయితే ఈసారి సరుకు ఒక్కటే. అది ఇనుము.

ఖనిజం పిలుపు

బస్తర్ ప్రాంతంలోని బైలడిల్లా కొండల్లో మేలురకం ఇనుప ఖనిజం ఉన్నదని వలసపాలన కాలంలోనే భూగర్భ శాస్త్రజ్ఞులు గుర్తించారు. 1934–35లో క్రూక్‌షాంక్ ఆ నిక్షేపాలను పటాలకెక్కించారు. దానిని తవ్వి తరలించే అవకాశం మాత్రం స్వాతంత్ర్యానంతరం వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో దెబ్బతిన్న జపాను తన ఉక్కు పరిశ్రమను పునర్నిర్మించుకుంటున్న కాలమది. ఆ దేశానికి ఖనిజం కావాలి, భారతదేశానికి విదేశీ మారకద్రవ్యం కావాలి. 1958లో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ ఏర్పడింది. జపాను ఉక్కు కర్మాగారాలకు బైలడిల్లా ఖనిజం దీర్ఘకాలం సరఫరా చేసేందుకు ఒప్పందం కుదిరింది.

ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చేందుకు 1960లో రైల్వేలు నిర్మాణం చేపట్టాయి. దీనితోపాటు సంబల్‌పూర్–టిట్లాగఢ్, బిమల్‌గఢ్–కిరిబురు మార్గాలు కూడా కలిసి దండకారణ్య–బొలంగీర్–కిరిబురు పథకంగా ప్రసిద్ధికెక్కాయి. కొత్తవలస–కిరండూల్ మార్గం 1966–67లో తెరుచుకుంది.

పథకం పేరులోని 'దండకారణ్యం' ఆలోచింపజేసే మాట. 1958లో భారత ప్రభుత్వం దండకారణ్య పథకాన్ని ప్రారంభించింది తూర్పు బెంగాలు శరణార్థులకు కోరాపుట్, బస్తర్ ప్రాంతాలలో పునరావాసం కల్పించడానికి. రామాయణంలో వనవాసపు భూమి అయిన పేరు ఇరవయ్యో శతాబ్దిలో నిరాశ్రయుల పునరావాసానికీ, ఖనిజ రవాణాకూ ఏకకాలంలో వాడబడింది. ఒక చివర 'వలస' అనే పేరున్న ఊరు, మరో దిక్కున దేశం విడిచి వలసవచ్చిన జనం. ఈ రెంటి మధ్య ఆ అడవుల్లో తరతరాలుగా ఉన్న ఆదివాసులు ఉన్నారు. పథకం పేరులో వారి ఊరు లేదు, వారి కొండ పేరూ లేదు.

వంతెన, సొరంగం, రాయి

కొత్తవలస సముద్రమట్టానికి కొద్ది పదుల మీటర్ల ఎత్తులో ఉన్న మైదానపు ఊరు. అరకుకు ముందున్న శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తులో ఉంది. చాలాకాలం అది దేశంలో బ్రాడ్‌గేజి మార్గాల మీద అత్యంత ఎత్తైన స్టేషనుగా పేరు పొందింది. వంద కిలోమీటర్ల లోపు దూరంలో రైలు ఇంత ఎత్తు ఎక్కవలసి వచ్చింది. ఎద్దు ఎక్కే నిటారు బాటను రైలు ఎక్కలేదు. ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి పట్టు తక్కువ. కనుక వాలు తగ్గించడానికి కొండ ఒరనే పట్టుకుని, మలుపులు తిరిగి, దూరాన్ని పెంచుకుంటూ పోవాలి. అలా పోతున్నప్పుడు కొండముక్కు ముందుకు పొడుచుకువస్తే సొరంగం, లోయ లోపలికి చొచ్చుకుపోతే వంతెన. బొడ్డవర, శివలింగపురం దాటాక టైడా, చిమిడిపల్లి, బొర్రా, కరకవలసల మీదుగా సొరంగమూ వంతెనా ఒకదాని వెంట ఒకటి వచ్చేది ఇందువల్లనే. సొరంగం నుంచి బయటపడి వంతెన మీదికి, వంతెన దిగి మళ్లీ సొరంగంలోకి పోయే ప్రయాణికుడికి ఈ కనుమదారి అంతా అక్కడక్కడ కప్పు తెరిచిన ఒకే పొడవాటి వంతెనలా తోస్తుంది.

ఈ సొరంగాలు తొలిచిన రాయికి కూడా చరిత్ర ఉంది. తూర్పు కనుమలలో విస్తారంగా ఉన్న ఒక రాతిజాతిని భూగర్భ శాస్త్రంలో 'ఖొండలైటు' అంటారు. 20వ శతాబ్ది ఆరంభంలో వాకర్ అనే శాస్త్రజ్ఞుడు ఖోండు ఆదివాసుల పేరు మీద దానికి ఆ పేరు పెట్టారు. పథకాల పేర్లలో చోటు దొరకని ఆ ప్రజలు రాతి పేరులో నిలిచారు. ఖొండలైటు ఎండకూ వానకూ త్వరగా శిథిలమై మట్టిగా మారే రాయి. వర్షాకాలంలో ఈ మార్గం మీద కొండచరియలు విరిగిపడి రాకపోకలు ఆగిపోవడం తరచు జరిగే విషయం. కొయ్య వంతెనకు కప్పు వేసి దానిని వాన నుంచి కాపాడుకున్నట్టు, ఇక్కడ కొండచరియలకు వలలు, అడ్డుగోడలు కట్టి పట్టాలను కాపాడుకోవలసి వస్తున్నది. ఎక్కడైనా వంతెనకు మొదటి శత్రువు దాని కింద పారే నీరే కాదు, దాని మీద కురిసే నీరు కూడా.

ఈ మార్గం మీద బరువు నడిచే దిశను గమనించాలి. నిండు బండి కొండ దిగి తీరానికి వస్తుంది, ఖాళీ బండి కొండెక్కుతుంది. ఉప్పు ఎక్కి, కొండ పంటలు దిగిన ఎద్దుల బిడారుల కాలంలో రెండు దిశలలోనూ బరువు ఉండేది. అది ఇచ్చిపుచ్చుకోవడం. ఖనిజ రైలుకు అలాంటి తిరుగు బరువు లేదు. 1980–82 మధ్య విద్యుదీకరణ జరిగాక రవాణా సామర్థ్యం పెరిగింది గాని దిశ మారలేదు.

బొర్రా: రాతికప్పు కింద

బొర్రా గుహలకు సంబంధించి స్థానికంగా ప్రచారంలో ఉన్న కథ ఇది. మేతకు వెళ్లిన ఆవు ఒకటి గుహ పైకప్పులోని రంధ్రం గుండా లోపల పడిపోయింది. వెతుకుతూ దిగిన కాపరికి అక్కడ శివలింగం కనిపించింది. ఆవును ఆ స్వామే కాపాడాడని ఊరు నమ్మింది. ఆవు పొదుగు నుంచి పుట్టిన నది గనుక గోస్తనీ అయిందన్నారు. శివరాత్రికి ఇక్కడ ఉత్సవం జరుగుతుంది. 'బొర్రా' అనే పేరును తెలుగులోని 'బొరియ', 'తొర్ర' వంటి మాటల సరసన పెట్టి చూడదగును.

ఈ కథలో పైకప్పుది కీలక స్థానం. అది చిల్లుపడితేనే కథ మొదలవుతుంది. పైన మేసే పశువుకూ, కింద వెలసిన దైవానికీ నడుమ ఉన్న పలుచని రాతిపొరను గురించి ఆ సమాజానికి ఉన్న ఎరుక ఇందులో నిక్షిప్తమైంది. భూగర్భ శాస్త్రం దీనినే మరో విధంగా చెబుతుంది. బొగ్గుపులుసు వాయువును కలుపుకున్న వాననీరు సున్నపురాతిని కరిగిస్తూ లక్షల ఏళ్లలో గుహను తొలిచింది. కప్పు నుంచి కారే చుక్కలే తిరిగి రాతికంబాలుగా పేరుకున్నాయి. కప్పు కరుగుతూనే ఉంటుంది, పేరుకుంటూనే ఉంటుంది. దాని మీదుగా ఖనిజ రైళ్లు పోతూనే ఉన్నాయి.

ఈ రాతిపొర కింద ఏముందన్న ప్రశ్న 1990లలో న్యాయస్థానానికి కూడా చేరింది. అనంతగిరి మండలంలో బొర్రా పరిసర గ్రామాల భూములను గనుల తవ్వకానికి ప్రైవేటు సంస్థలకు కౌలుకివ్వడాన్ని 'సమత' సంస్థ ప్రశ్నించింది. 1997 జూలైలో సుప్రీంకోర్టు తీర్పునిస్తూ షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకు గనుల కోసం కౌలుకు ఇవ్వరాదని స్పష్టం చేసింది. దేశంలోని షెడ్యూల్డు ప్రాంతాల చర్చలన్నింటిలో నేటికీ 'సమత తీర్పు' ప్రస్తావనకు వస్తుంది. ఒక ఖనిజం కోసం కొండను తొలిచి వేసిన దారి పక్కనే, మరొక ఖనిజం కోసం కొండను తొలవరాదన్న తీర్పు పుట్టింది. ఈ మార్గపు చరిత్ర రాసేవారు ఈ రెండు సంఘటనలనూ కలిపి చదవాలి.

స్టేషన్ల పేర్లు: భాషల మీద వంతెన

కె.కె. లైను స్టేషన్ల పేర్లను వరుసగా చదివితే ఒక భాషాపటం కనిపిస్తుంది. మల్లివీడు, లక్కవరపుకోట, శృంగవరపుకోట మైదానపు తెలుగు పేర్లు. కోటలు జమీందారీ చరిత్రను చెబుతాయి. శివలింగపురంలోని 'పురం', చిమిడిపల్లిలోని 'పల్లి' కొండ మొదట్లో ఎదురవుతాయి. బొర్రా దాటాక కరకవలసలో మళ్లీ 'వలస' పలుకుతుంది. మార్గం మొదలైన మాటే వెయ్యి మీటర్ల ఎత్తుకు చేరువలో మరోసారి వినబడటం విశేషం. ఆ వెంటనే శిమిలిగుడలో 'గుడ', అరకు తరవాత దార్లిపుట్, కోరాపుట్‌లలో 'పుట్' వస్తాయి. తెలుగు, ఒడియా, ఆదివాసీ భాషలు కలిసి వాడే ప్రత్యయాల సీమ అది.

ఎక్కడ ఒక భాష ఆగి మరొకటి మొదలైందో ఈ పేర్లు ఖండితంగా చెప్పవు. ఒకదానిలోకి ఒకటి ఎలా చొచ్చుకుపోయాయో చెబుతాయి. రాష్ట్రాల సరిహద్దు గీతగా ఉంటుంది, భాషల సరిహద్దు అలా ఉండదు. స్టేషను పలక మీద తెలుగు, ఒడియా, హిందీ లిపుల్లో రాసిన ఒకే పేరును ఆదివాసీ ప్రయాణికుడు తన భాషలో పలుకుతాడు. రైల్వే పటాలు పాటించిన వర్ణక్రమం, స్థానిక ఉచ్చారణ ఎంతవరకు కలుస్తాయో క్షేత్ర పరిశోధన ద్వారా తేల్చవలసి ఉంది. తెలుగు శాఖలు చేయదగిన పని ఇది.

ఉపఫలం

ఖనిజం కోసం వేసిన దారి మీద ప్రయాణికుల బండి కూడా నడిచింది. విశాఖపట్నం నుంచి కిరండూల్‌కు వెళ్లే పాసింజరు ఈ ప్రాంతపు సామాజిక జీవితంలో భాగమైంది. సంతకు దిగే ఆదివాసులు, చదువుకు దిగే పిల్లలు, ఆసుపత్రికి దిగే రోగులు, అరకు చూడటానికి ఎక్కే నగరవాసులు ఒకే బండిలో ప్రయాణించారు. 2017 ఏప్రిల్‌లో ఈ బండికి అద్దాల కప్పున్న విస్టాడోమ్ పెట్టెను జతచేశారు. ఇక్కడి కప్పు ప్రయాణికుడిని వాన నుంచి కాపాడటానికే కాదు, కొండను చూపించడానికి కూడా.

అద్దాల కప్పు కింద కూర్చున్నవారికి వంతెన ఒక దృశ్యం. రైలు ఆగని గెడ్డ పక్క ఊరికి వంతెన అంటే తమ గెడ్డ మీద ఉన్నా తమది కాని కట్టడం. రైలు వంతెన మీద నడవడం ప్రమాదం, నేరం కూడా. రైలు 84 వంతెనలతో కొండలను దాటినంత మాత్రాన కొండ ఊళ్లు గెడ్డలను దాటినట్టు కాదు. ముందు చెప్పిన భేదం ఇదే.

అయినా పాసింజరు బండిని ఉపఫలమని తక్కువ చేయడానికి వీలులేదు. కప్పున్న కొయ్య వంతెనల చరిత్రలో నీడ కూడా ఉపఫలమే. ఆ నీడను జనం తమదిగా చేసుకున్నందువల్లనే ఆ వంతెనలు కాలం చెల్లాక కూడా కూల్చివేతకు గురికాకుండా నిలిచాయి. ఒక కట్టడం ఎవరి కోసం కట్టారన్నది దాని చరిత్రలో మొదటి అధ్యాయం మాత్రమే.

కొత్తవలస వద్ద గీత

పరిపాలన గీతలు ఈ మార్గం మీద పలుమార్లు మారాయి. మార్గం నిర్మించిన నాడు కొత్తవలస, అరకు రెండూ విశాఖపట్నం జిల్లాలోనివే. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడటంతో కొత్తవలస అందులో చేరింది. 2022లో అరకు, అనంతగిరి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చాయి. 2000లో ఛత్తీస్‌గఢ్ ఏర్పడటంతో మార్గం చివరి భాగం మధ్యప్రదేశ్ నుంచి విడిపోయింది. రైల్వేలలో ఆగ్నేయ రైల్వే నుంచి 2003లో ఈ మార్గం తూర్పు తీర రైల్వేకు మారింది.

2019లో విశాఖపట్నం కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోను ప్రకటించినప్పుడు వాల్తేరు డివిజను విభజన ముందుకు వచ్చింది. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం తీసుకున్న నిర్ణయం ప్రకారం ప్రధాన మార్గం విశాఖపట్నం డివిజనులో ఉంటుంది. కొత్తవలస నుంచి బచేలి దాకా ఉన్న మార్గం రాయగడ కేంద్రంగా తూర్పు తీర రైల్వేలో ఏర్పడే డివిజనులోకి వెళుతుంది. అంటే శృంగవరపుకోట, బొర్రా, అరకు ఆంధ్రప్రదేశ్‌లో ఉంటూ ఒడిశా కేంద్రంగా గల డివిజను కింద ఉంటాయి. అరకు వరకైనా విశాఖ కిందనే ఉంచాలన్న కోరిక ఉత్తరాంధ్రలో వినబడుతున్నది. కొత్తవలస కూడలి ఇప్పుడు రెండు జోనుల నడుమ సరిహద్దు. కలపడానికి పుట్టిన చోటనే గీత పడింది.

మరోవైపు కొత్తవలస–కోరాపుట్ మధ్య దాదాపు 189 కిలోమీటర్ల మేర రెండో పట్టాల పని సాగుతున్నది. కొత్త వంతెనలు, కొత్త సొరంగాలు వస్తున్నాయి. 1960లలో ఈ కొండల్లో రాళ్లు తొలిచి, దిమ్మెలు కట్టిన కూలీల పేర్లను వంతెన సంఖ్యల పక్కన ఎవరూ రాయలేదు. రెండో పట్టా వేస్తున్నవారి మాటలనైనా వారు ఉండగానే సేకరించుకోవడం పరిశోధకుల బాధ్యత. గిడుగు సవరల నోటి నుంచి మాటలు సేకరించిన ప్రాంతానికి ఇది కొత్త పద్ధతి కాదు.

ముగింపు

ఈ పరిశీలనలో తేలిన విషయాలు మూడు. మొదటిది, తెలుగునాట కప్పున్న వంతెనల సంప్రదాయం ఏర్పడకపోవడానికి నదుల స్వభావం, రాతికట్టడపు అలవాటు ప్రధాన కారణాలు. నీడను ఇక్కడి సమాజం వంతెన మీద కాక రేవు ఒడ్డున కల్పించుకుంది. రెండవది, కె.కె. లైను ప్రజల రాకపోకల కోసం కాక ఖనిజం కోసం పుట్టింది. బొర్రా కథ, సమత తీర్పు, స్టేషన్ల పేర్లు ఆ మార్గానికి అధికార పత్రాలు ఇవ్వని మానవ చరిత్రను ఇస్తున్నాయి. మూడవది, ఈ మార్గపు భవిష్యత్తును నిర్ణయించే చర్చలలో టన్నుల లెక్కలు, డివిజన్ల ఆదాయం వినబడుతున్నంతగా గెడ్డ పక్క ఊళ్ల అవసరం వినబడటం లేదు.

బొర్రా వద్ద రాతికప్పు మీద రైలు వెళుతుంది. దాని కింద గోస్తనీ పారి, గుహ నుంచి వెలికివచ్చి, తాటిపూడి జలాశయంలో నిలిచి, భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది. పైన పోయే ఖనిజమూ విశాఖ వద్ద అదే సముద్రానికి చేరుతుంది. నది తన దారిలోని పొలాలకు నీరిచ్చి వెళుతుంది. రైలు తన దారిలోని ఊళ్లకు ఏమిచ్చి వెళుతున్నదన్న ప్రశ్నతోనే కొత్తవలస–కిరండూల్ మార్గపు తరువాతి చరిత్ర రచన మొదలుకావాలి.